తూకానికి అందింది, కంటికి అందలేదు



మీరు ఈ మాటలు వింటున్న గదిలో, మీ ఒంట్లో, మీ కాళ్ల కింది నేలలో ఒక పదార్థం ఉందని ఖగోళ శాస్త్రం లెక్క. అది వెలుగునివ్వదు, వెలుగుకు అడ్డు రాదు. చేతికి తగలదు. గోడలనూ కొండలనూ, ఆ మాటకొస్తే మొత్తం భూగోళాన్నీ దాటుకుని సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో వెళ్లిపోతూ ఉంటుంది. భూమి ఆక్రమించిన చోటంతటిలో, ఏ క్షణాన చూసినా, అది ఉండేది సుమారు అరకిలో మాత్రమే. ఇంత పలచని దానితో మనకేం పని అనిపించవచ్చు. కానీ ఆకాశంలో భూమిలాంటి ముద్దలు చాలా అరుదు, ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ అంతటా పరచుకున్న ఈ పలచని పదార్థాన్ని విశ్వం మొత్తం మీద కూడితే నక్షత్రాలు, గ్రహాలు, వాయువులు, ధూళి అన్నీ కలిపినదానికి ఐదు రెట్లకు పైగా తేలుతుంది. శాస్త్రజ్ఞులు డార్క్ మేటర్ అంటున్నది దీన్నే. మనం కృష్ణ పదార్థం అనుకుందాం.

దీనికి తోడు కృష్ణ శక్తి అని మరొకటి ఉంది. ప్లాంక్ అనే ఐరోపా ఉపగ్రహం కొలతల ప్రకారం విశ్వంలో మనం చూడగలిగిన మామూలు పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం 27 శాతం, కృష్ణ శక్తి 68 శాతం. ఈ అంకెలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. విశ్వంలో 95 శాతం తెలియనిదే అని శీర్షికలు పెడుతుంటారు కూడా. ఆ మాట వినగానే కొందరు, అయితే ఆ 95 శాతంలో ఏదైనా ఉండవచ్చన్నమాట అని తమకు నచ్చిన నమ్మకాలన్నీ తెచ్చి అందులో సర్దేస్తారు. నాకు ఆ ధోరణితో పేచీ ఉంది. ఎందుకంటే తెలియనిది దాని స్వభావం, అంతేగాని దాని మొత్తం కాదు. ఎంత ఉందో, ఎక్కడ గుమిగూడిందో, ఎక్కడ పలచబడిందో, ఏ వేగంతో కదులుతుందో, ఏమేం చేయదో మనకు చాలా వివరంగా తెలుసు. తూకానికి అందింది, కంటికి అందలేదు. అది తూకానికి ఎలా అందింది, కంటికి చిక్కించుకోవాలని మనుషులు ఎక్కడెక్కడ కాపు కాస్తున్నారు అన్నదే ఇవాళ మీతో చెప్పదలచుకున్నాను.

మొదటి అనుమానం పాతదే. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు, కాలిఫోర్నియాలో పనిచేస్తూ, కోమా అనే పెద్ద గెలాక్సీల గుంపును లెక్కలోకి తీసుకున్నారు. ఆ గుంపులోని గెలాక్సీల వేగాల మధ్య సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన తేడాలు కనిపించాయి. అంత జోరుగా తిరిగేవి ఎప్పుడో చెదిరిపోవాలి. వాటిని కట్టి ఉంచాలంటే, కనిపించే వెలుగును బట్టి వేసిన బరువు ఏ మూలకూ చాలదు. కనపడని పదార్థమేదో ఉండాలని జ్వికీ రాశారు. అప్పట్లో గెలాక్సీల దూరాలు సరిగ్గా తెలియవు కనుక ఆయన చెప్పిన అంకె మరీ పెద్దదైపోయింది. మనిషి కూడా నలుగురితో కలిసిపోయే తత్వం కాదు. దాదాపు నలభై ఏళ్లు ఆ మాటను ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

పట్టించుకోక తప్పని పరిస్థితి తెచ్చిన వాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు వెరా రూబిన్. ఆమె గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను.

వెరా రూబిన్ 1928లో పుట్టారు. కాలేజీ చదువు అవుతుండగా ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రం పై చదువు చదవాలనుకున్నారు. అక్కడ ఆ శాఖలో ఆడవాళ్లను చేర్చుకోరు. 1975 దాకా చేర్చుకోలేదు. కోర్నెల్‌లో ఎమ్మే చేసి, వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో, జార్జ్ గామోవ్ మార్గదర్శకత్వంలో, 1954లో డాక్టరేట్ తీసుకున్నారు. అప్పటికి చంటిపిల్లల తల్లి. క్లాసులు సాయంత్రాలు జరిగేవి. భర్త రాబర్ట్ ఆమెను కారులో దింపి, క్లాసు అయ్యేదాకా కారులోనే రాత్రి భోజనం కానిచ్చి, మళ్లీ ఇంటికి తీసుకువచ్చేవారు. నలుగురు పిల్లలు. నలుగురూ పెద్దయి శాస్త్ర, గణిత రంగాల్లో డాక్టరేట్లు చేశారు.

1965లో పాలోమార్ పర్వతం మీది వేధశాలలో పరిశీలనకు ఆమెకు అనుమతి దొరికింది. అలా అధికారికంగా అనుమతి పొందిన మొదటి మహిళ ఆమే. అంతకు ముందు కుదరదనడానికి చెప్పిన కారణం, అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదని. ఉన్న ఒక్క మరుగుదొడ్డి తలుపు మీద మగమనిషి బొమ్మ ఉండేది. రూబిన్ కాగితంతో చిన్న గౌను కత్తిరించి ఆ బొమ్మకు అతికించి, ఇప్పుడిక ఉంది కదా అన్నారు. ఈ సంగతిని చాలామంది సరదా కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో సరదాకన్నా, ఎన్ని ప్రతిభలు ఆ తలుపు దగ్గరే ఆగిపోయి ఉంటాయోనన్న బాధే ఎక్కువ కనిపిస్తుంది.

అదే రోజుల్లో క్వాసార్లనే అతి దూరపు వెలుగుల పరిశోధన మంచి ఊపు మీద ఉంది. ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు పోవాలన్న ఆ పోటీ రూబిన్‌కు నచ్చలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని సమస్య ఒకటి ఎంచుకున్నారు. గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు ఏ వేగంతో తిరుగుతాయి? జవాబు అందరికీ తెలిసినట్టే ఉండేది. మన సూర్యకుటుంబాన్నే చూడండి. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు, భూమి 30, దూరాన ఉన్న నెప్ట్యూన్ ఐదున్నర కూడా లేదు. బరువంతా నడిమధ్య ఉన్నప్పుడు దూరం పోయేకొద్దీ వేగం తగ్గిపోవాలి. గెలాక్సీల్లోనూ వెలుగంతా మధ్యలోనే పోగుపడి కనిపిస్తుంది. కాబట్టి అంచుల్లో వేగం తగ్గాలి. ఇది తెలిసిన విషయమే, కొలిచి చూడటమే మిగిలింది.

కొలవడానికి ఆమెకు తోడు దొరికినవారు కెంట్ ఫోర్డ్. దూరపు వెలుగును అనేక రెట్లు పెంచి చూపే గొట్టంతో ఆయన ఒక వర్ణపటమాపిని తయారు చేశారు. మామూలు ఫోటో ప్లేటు మీద రాత్రంతా పట్టేది దానితో కొద్ది గంటల్లో నమోదయ్యేది. ఇద్దరూ ఆ పరికరాన్ని అరిజోనా రాష్ట్రంలోని కొండల మీది టెలిస్కోపులకు బిగించి ఆండ్రోమెడా గెలాక్సీ మీదికి తిప్పారు. మనకు పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరంలో, మసక మరకలా కంటికి కనిపించే గెలాక్సీ అది. అందులో వేడెక్కి మెరిసే హైడ్రోజన్ మేఘాలు ఉంటాయి. ఆ మేఘాలు టెలిస్కోపులోంచి చూసినా కంటికి ఆనవు. దగ్గరలో కనిపించే నక్షత్రం నుంచి ఇంత ఇటు, ఇంత అటు అని లెక్క చూసుకుని, కనపడని చోటికి టెలిస్కోపును జరిపి, చలిలో గంటల తరబడి దాన్ని కదలకుండా నిలిపి ఉంచాలి. తర్వాత చీకటి గదిలో ప్లేటు కడిగితే, చిన్న గాజు పలక మీద సన్నని గీతలు పడి ఉంటాయి. వాటిలో ఒకటి హైడ్రోజన్ గీత. స్టేషన్‌లోకి వచ్చే రైలు కూత సన్నగానూ, దాటిపోయే రైలు కూత లావుగానూ వినిపించినట్టే, మనవైపు వచ్చే మేఘం వెలుగులో ఆ గీత నీలంవైపు, దూరమయ్యే మేఘం వెలుగులో ఎరుపువైపు జరుగుతుంది. ఎంత జరిగిందో సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిస్తే వేగం తెలుస్తుంది. మిల్లీమీటర్లో చిన్న భాగం మీద ఆధారపడిన లెక్క ఇది.

అలా 67 మేఘాలను కొలిచి 1970లో ప్రచురించారు. వేగం తగ్గలేదు. వెలుగు సన్నగిల్లి దాదాపు మాయమయ్యే అంచుల్లో కూడా మేఘాలు సెకనుకు 200 కిలోమీటర్లకు పైగానే పరుగెత్తుతున్నాయి. ఒక్క గెలాక్సీ ప్రత్యేకమైనదేమో అనుకోవడానికి లేకుండా 1980 నాటికి మరో 21 గెలాక్సీల కొలతలు బయటపెట్టారు. ఎక్కడా తగ్గలేదు. ఈలోగా రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు ఇంకా బయటికి, నక్షత్రాలే లేని చల్లని హైడ్రోజన్ దాకా వెళ్లారు. నెదర్లాండ్స్‌లో ఆల్బర్ట్ బోస్మా 1978 సిద్ధాంత గ్రంథంలో పాతిక దాకా గెలాక్సీలకు ఇదే చూపించారు. అంచుల్లో అంత వేగంతో తిరిగేవి ఎగిరిపోకుండా ఉన్నాయంటే, వెలుగు ఆగిపోయిన చోట బరువు ఆగిపోలేదన్నమాట. వెలుగుకు ఎంతో వెలుపలి దాకా ఏదో పరచుకుని ఉంది.

రూబిన్ 2016 డిసెంబరు 25న కన్నుమూశారు. నోబెల్ రాలేదు. రావలసిందని గట్టిగా నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది, దాన్ని దాటేసి ముందుకు పోకూడదు. కనపడని పదార్థం ఉందని అనుకోవడం కన్నా, గురుత్వాకర్షణ గురించి మనకున్న సూత్రమే తప్పని ఎందుకు అనుకోకూడదు? చరిత్రలో రెండు రకాలుగానూ జరిగింది. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని తేలినప్పుడు, కనపడని మరో గ్రహం దాన్ని లాగుతోందని ఫ్రెంచి గణితవేత్త ల వెరియే అన్నారు. ఎక్కడ వెతకాలో కూడా రాసి పంపారు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలె అనే ఆయన టెలిస్కోపు తిప్పితే నెప్ట్యూన్ అక్కడే దొరికింది. తర్వాత బుధుడి నడకలోనూ అలాంటి చిన్న తేడా కనిపించింది. ల వెరియే మళ్లీ అదే మార్గం పట్టారు. సూర్యుడి పక్కనే వల్కన్ అనే గ్రహం ఉండాలన్నారు. గ్రహణాలప్పుడు ఎంతమంది ఎంత వెతికినా వల్కన్ దొరకలేదు, ఎందుకంటే అది లేదు. బుధుడి నడకలోని ఆ తేడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు. అది న్యూటన్ సూత్రం చాలకపోవడం వల్ల వచ్చిందని 1915లో ఐన్‌స్టీన్ తేల్చారు. ఒకే మనిషి, ఒకే ఆలోచన. ఒకసారి కనపడనిది దొరికింది, ఇంకోసారి సూత్రమే మారింది.

కృష్ణ పదార్థం నెప్ట్యూనా, వల్కనా? ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు మిల్‌గ్రోమ్ 1983లో సూత్రాన్నే సవరించి చూపారు. గెలాక్సీల తిరుగుడు వరకు ఆయన సవరణ ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు న్యాయం చేయడం లేదని నా అభిప్రాయం. కానీ గెలాక్సీ గుంపుల దగ్గరికి వచ్చేసరికి అది తడబడుతుంది. 2006లో బుల్లెట్ క్లస్టర్ మీద వెలువడిన ఫలితం ఆ తడబాటును అందరికీ కళ్లకు కట్టింది. అక్కడ రెండు గెలాక్సీ గుంపులు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయాయి. మామూలు పదార్థంలో ఎక్కువ భాగం వేడి వాయువు. ఆ రెండు గుంపుల వాయువులూ ఒకదాన్నొకటి రాసుకుని వెనకబడిపోయాయి. చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు ఆ వాయువును ఫోటో తీసింది. వెనక ఉన్న దూరపు గెలాక్సీల వెలుగు ఎటు ఎంత వంగిందో చూసి బరువు ఎక్కడుందో లెక్క కడితే, బరువులో ఎక్కువ భాగం వాయువు దగ్గర లేదు. అది ఏ అడ్డూ లేనట్టు ముందుకు సాగిపోయింది. మామూలు పదార్థం ఒకచోట, బరువు ఇంకోచోట. సూత్రాన్ని ఎంత సవరించినా దీన్ని ఇమడ్చడం కష్టం. విశ్వం శైశవం నుంచి మిగిలిన మైక్రోవేవ్ వెలుగులోని హెచ్చుతగ్గులు కూడా, ఏ సంబంధమూ లేని దారిలో వచ్చి, అదే ఐదు రెట్ల లెక్క చెబుతాయి. నేను నెప్ట్యూన్ వైపే మొగ్గుతాను. అయినా చేతికి చిక్కేదాకా కేసు మూసేయడానికి లేదు.

చేతికి చిక్కించుకోవడానికి మనుషులు భూమి లోపలికి వెళ్లారు. ఎందుకంటే పైన గోల ఎక్కువ. ఆకాశం నుంచి కురిసే కాస్మిక్ కిరణాల తాలూకు మ్యూయాన్లనే కణాలు మీ అరచేతి గుండా సెకనుకు ఒకటో రెండో పోతూనే ఉంటాయి. ఏడాదికి ఒకటో రెండో తగలవచ్చేమో అనుకునేదాన్ని ఆ గోలలో పసిగట్టడం అయ్యే పని కాదు. పైన కిలోమీటర్ల కొద్దీ రాయి ఉంటే ఆ కిరణాలు లక్షల రెట్లు తగ్గిపోతాయి. ఈ ఉపాయం మన దేశానికి కొత్తది కాదు. మన కుప్పానికి పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ వారు జపాన్, ఇంగ్లండ్ బృందాలతో కలిసి 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే కణాలను పట్టారు. అప్పటికి ప్రపంచంలో అలాంటి పరిశీలనలు రెండే. రెండోది దక్షిణాఫ్రికా బంగారు గనిలో. 2001లో కోలారు గనులు మూతపడ్డాయి. ఇవాళ జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో, 555 మీటర్ల లోతున, సాహా ఇన్‌స్టిట్యూట్ వారు కృష్ణ పదార్థం కోసం చిన్న ప్రయోగశాల నడుపుతున్నారు. కోలారు లోతు మన చేతిలోంచి జారిపోయిందని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా నిశితంగా కాపు కాస్తున్న ప్రయోగం, ఎల్‌జెడ్, ఉన్నది అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, లీడ్ అనే ఊళ్లో. అక్కడిదీ ఒకప్పటి బంగారు గనే, పేరు హోమ్‌స్టేక్. దాదాపు కిలోమీటరున్నర లోతున ఒక గుహ ఉంది. 1960లలో రే డేవిస్ అనే ఆయన అక్కడ బట్టలు ఉతికే డ్రై క్లీనింగ్ ద్రవం సుమారు 3 లక్షల 80 వేల లీటర్లు పోసి సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలను లెక్కపెట్టారు. రావలసిన వాటిలో మూడో వంతే వచ్చాయి. ఎక్కడో తప్పు జరిగిందని అందరూ అన్నారు. ఆయన దశాబ్దాల పాటు లెక్కపెడుతూనే ఉన్నారు. చివరికి తప్పు ఆయనది కాదని, న్యూట్రినోలే దారిలో రూపం మార్చుకుంటున్నాయని తేలింది. 2002లో ఎనభై ఏడేళ్ల వయసులో నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఎల్‌జెడ్ ప్రయోగం నడుస్తున్నది అదే గుహలో.

ఎల్‌జెడ్‌లో టైటానియం పాత్ర ఒకటి, అందులో పది టన్నుల ద్రవ జెనాన్ ఉంటుంది. జెనాన్ వాయువు. సున్నాకు దిగువన నూరు డిగ్రీల దరిదాపుల్లోకి చల్లబరిస్తే ద్రవమై నీటికన్నా దాదాపు మూడు రెట్లు బరువుగా కూర్చుంటుంది. కృష్ణ పదార్థపు కణం ఒకటి వచ్చి ఏ జెనాన్ కేంద్రకాన్నో తాకితే చిన్న మెరుపు వస్తుంది. కొన్ని ఎలక్ట్రాన్లు ఊడి విద్యుత్ క్షేత్రంలో పైకి తేలి, పైన వాయువులోకి వెళ్లి రెండో మెరుపు ఇస్తాయి. ఈ రెండు మెరుపుల మధ్య ఎడాన్నీ, రెండిటి వెలుగు నిష్పత్తినీ బట్టి ఎక్కడ తాకిందో, తాకింది ఏ రకమో చెప్పవచ్చు. చూడటానికి దాదాపు 500 కాంతి గ్రాహకాలు పైనా కిందా కళ్లు విప్పుకుని ఉంటాయి. ఇక్కడ అసలు శత్రువు మన చుట్టూ ఉండే మామూలు రేడియోధార్మికత. స్క్రూలో, తీగలో, మనిషి వేలి మీది ధూళిలో కూడా అది కాస్తో కూస్తో ఉంటుంది. అందుకని పాత్రకు వాడిన ప్రతి లోహాన్నీ ముందు పరీక్షించి, తక్కువ ఉన్నదాన్నే ఏరుకుని కట్టారు.

నాకు ఎల్లకాలం గుర్తుండేది వీటికన్నా ఇంకొకటి. ఎల్‌జెడ్ వాళ్లు తమ దత్తాంశంలో తామే దొంగ సంకేతాలు కలుపుకుంటారు. అచ్చం కృష్ణ పదార్థం తాకినట్టే ఉండేలా కంప్యూటర్ వాటిని మధ్యమధ్య జొప్పిస్తుంది. ఏది అసలో, ఏది కలిపిందో విశ్లేషించేవాళ్లకు తెలియదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నియమాలన్నీ ఖరారు చేసి, ఇక మార్చమని నిర్ణయించుకున్నాకే కలిపినవాటిని బయటికి తీస్తారు. పదేళ్లుగా దేనికోసం ఎదురుచూస్తున్నారో అది కనిపించినప్పుడు మనసు ఎటు లాగుతుందో వాళ్లకు తెలుసు. ఆ మనసు మాట లెక్కలో పడకూడదని ముందే ఏర్పాటు చేసుకున్నారు. 2024 ఆగస్టులో 280 రోజుల ఫలితం ప్రకటించారు. కలిపినవి తీసేస్తే మిగిలినవన్నీ మామూలు రేడియోధార్మికత లెక్కకు సరిపోయాయి. ప్రోటాన్ బరువుకు తొమ్మిది రెట్లు, అంతకు మించి ఉండే కణాల కోసం వెతికారు. దొరకలేదు.

దొరకలేదన్న వార్తను వైఫల్యంగా రాసే అలవాటు మనకు ఉంది. నేను ఒప్పుకోను. ఇంత బరువు ఉండి ఇంత గట్టిగా తాకే కణాలైతే కావు అని ప్రతి ఫలితం ఒక తలుపు మూస్తుంది. ఆ తలుపుల వెనక ఎందరో సిద్ధాంతకర్తల జీవితకాలపు ఊహలు ఉన్నాయి. దొరికిందని చెప్పినవాళ్లూ లేకపోలేదు. ఇటలీలో పర్వతం కింద డామా అనే ప్రయోగం 1990ల నుంచీ ఒక మాట మీదే ఉంది. సూర్యుడు గెలాక్సీ చుట్టూ పోయే వేగానికి భూమి వేగం జూన్‌లో కలుస్తుంది, డిసెంబరులో తీసివేతకు వస్తుంది. కాబట్టి తాకిడులు జూన్ మొదట్లో పెరగాలి. మాకు పెరుగుతున్నాయి అని వాళ్లన్నారు. అదే సోడియం అయోడైడ్ స్ఫటికాలతో స్పెయిన్‌లో, కొరియాలో విడివిడిగా చూశారు. పెరగలేదు. ఇలాంటి చోట ఎవరి పేరు పెద్దది అన్నది అక్కరకు రాదు.

ఇక కృష్ణ శక్తి. దీనికి మన చంద్రశేఖర్‌తో చుట్టరికం ఉంది. 1930లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక లెక్క చేశారు. చల్లారిన నక్షత్రాలు, శ్వేత కుబ్జాలనేవి, ఒక బరువు దాటి నిలవలేవని. ఆ హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లని ఇప్పటి లెక్క. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుంటూ ఆ హద్దు దగ్గరికి వచ్చే శ్వేత కుబ్జం సూపర్‌నోవాగా పేలిపోతుంది. హద్దు ఒకటే కనుక పేలుళ్ల వెలుగులూ దాదాపు ఒకటే. మిగిలిన చిన్న తేడాలను, వెలుగు ఎంత నిదానంగా తగ్గుతుందో చూసి సరిచేయవచ్చు. అసలు వెలుగు తెలిస్తే, కనిపించే వెలుగును బట్టి దూరం చెప్పవచ్చు.

1990లలో బర్కిలీలో సోల్ పెర్ల్‌మటర్ బృందం, మరోవైపు బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్‌ల బృందం పోటాపోటీగా ఇలాంటి పేలుళ్లను వెతికి పట్టుకున్నాయి. వాళ్లు కొలవాలనుకున్నది విశ్వ విస్తరణ ఎంతగా నెమ్మదిస్తోంది అని. గురుత్వాకర్షణ లాగుతున్నప్పుడు నెమ్మదించక ఏం చేస్తుంది? 1998లో రెండు బృందాలకూ ఒకే జవాబు వచ్చింది. దూరపు పేలుళ్లు ఉండవలసినదానికన్నా మసకగా ఉన్నాయి. అంటే ఉండవలసినదానికన్నా దూరంగా ఉన్నాయి. విస్తరణ నెమ్మదించడం లేదు, వేగం పుంజుకుంటోంది. ఎక్కడైనా ధూళి అడ్డు పడిందా, పాత కాలపు పేలుళ్లే వేరా అని వాళ్లే ముందు తమ ఫలితాన్ని కూలదోయడానికి చూశారు. కూలలేదు. 2011లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఈ తోపుడుకు కారణమైనది ఏదైనా సరే, దానికి కృష్ణ శక్తి అని పేరు. అన్నిటికన్నా సాదా ఊహ ఏమిటంటే, అది శూన్యానికే స్వతహాగా ఉన్న శక్తి. విశ్వం రెండింతలు సాగితే పదార్థం సాంద్రత ఎనిమిదో వంతుకు పడిపోతుంది. శూన్యపు శక్తి మాత్రం పలచబడదు. అందుకే మొదట్లో పదార్థానిదే పైచేయి. సుమారు 500 కోట్ల ఏళ్ల కిందట శక్తిది పైచేయి అయింది. దాని సాంద్రత కొలిచారు కూడా. ఘనపు మీటరు చోటుకు నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు లోపే. మరి క్వాంటం సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని అదే శూన్యపు శక్తిని లెక్క కడితే ఎంత వస్తుందో తెలుసా? కొలిచినదానికన్నా, ఒకటి పక్కన నూట ఇరవై సున్నాలు పెట్టినన్ని రెట్లు. భౌతిక శాస్త్రంలో లెక్కకూ కొలతకూ ఇంత దూరం ఇంకెక్కడా లేదు. ఈ ఒక్క సంగతి చాలు, మన పునాదుల్లో ఏదో పెద్ద రాయి ఇంకా పెట్టవలసి ఉందని నమ్మడానికి.

ఆ సాదా ఊహే నిజమైతే కృష్ణ శక్తి ఎన్నాళ్లకూ మారకూడదు. మారుతోందా లేదా? దీన్ని తేల్చడానికి అరిజోనాలోని కిట్ పీక్ కొండ మీది నాలుగు మీటర్ల మేయాల్ టెలిస్కోపుకు డెసీ అనే పరికరం బిగించి 2021 నుంచి ఆకాశాన్ని జల్లెడ పడుతున్నారు. రూబిన్, ఫోర్డ్‌లు తమ తర్వాతి గెలాక్సీలను కొలవడానికి వాడుకున్న టెలిస్కోపుల్లో అదీ ఒకటి. అప్పుడు రాత్రికి కొద్ది గెలాక్సీలు. ఇప్పుడు దాని కొసన ఐదువేల చిన్న రోబోలు, ఒక్కొక్కటీ ఒక సన్నని గాజు తీగను పట్టుకుని, తన వంతు గెలాక్సీ మీదికి గురిపెడుతుంది. నిమిషాల్లో ఐదువేల వర్ణపటాలు పడతాయి. అంతా అయ్యాక రోబోలన్నీ కదిలి మరో ఐదువేల వైపు సర్దుకుంటాయి.

శిశు విశ్వంలో సాగిన ధ్వని తరంగాల ఆనవాలు గెలాక్సీల అమరికలో ఇంకా మిగిలి ఉంది. సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల ఎడంలో గెలాక్సీల జంటలు కాస్త ఎక్కువగా ఉంటాయి. ఆ ఎడం ఏయే కాలంలో ఎంతగా కనిపిస్తుందో చూస్తే విస్తరణ చరిత్ర బయటపడుతుంది. 2025 మార్చిలో మూడేళ్ల ఫలితం వచ్చింది. దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వాసార్లు. వీటిని ప్లాంక్ కొలతలతోనూ సూపర్‌నోవాలతోనూ కలిపి చూస్తే, కృష్ణ శక్తి స్థిరంగా లేదని, ఇటీవలి కాలంలో బలహీనపడుతోందని సూచన కనిపించింది. ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా, ఏ సూపర్‌నోవా పట్టికను కలిపారన్న దాన్ని బట్టి మారుతోంది. కనుగొన్నామని చెప్పాలంటే భౌతిక శాస్త్రంలో 5 సిగ్మా ఉండాలి. అంటే యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటికి మించకూడదు.

సూపర్‌నోవా పట్టికను మార్చినప్పుడు బలం ఇంతగా మారుతోందంటే, దగ్గరి పేలుళ్లకూ దూరపు పేలుళ్లకూ మధ్య ఎక్కడో కొలతల్లో పొసగని చిన్న తేడా ఉండే వీలు ఉంది. నేనైతే పందెం కట్టను. రూబిన్ పేరే పెట్టిన కొత్త వేధశాల చిలీలో సెర్రో పచోన్ శిఖరం మీద సిద్ధమై, 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. ఎనిమిదిన్నర మీటర్లకు కాస్త తక్కువ అద్దం, 320 కోట్ల పిక్సెళ్ల కెమెరా. పదేళ్ల పాటు దక్షిణపు ఆకాశాన్నంతా కొద్ది రాత్రులకోసారి ఫోటో తీస్తుంది కనుక, ఇప్పటిదాకా వేర్వేరు టెలిస్కోపుల నుంచి పోగుచేసి అతికించుకున్న సూపర్‌నోవా పట్టికల స్థానంలో, ఒకే కెమెరా తీసిన లక్షల పేలుళ్ల పట్టిక వస్తుంది. డెసీ సూచన నిలిచేదీ కరిగిపోయేదీ ఎక్కువగా ఆ పట్టిక మీదే ఆధారపడి ఉంటుందని నా అంచనా.